కెల్డిట్ అని పలకాలి

మా ఇంటిపేరు రాసేటప్పుడు కెల్డర్‌త్వెయిట్, పలికేటప్పుడు కెల్డిట్. మధ్యలో అక్షరాలు ఎటు పోయాయని అడిగితే మా లోయలో ఎవరూ జవాబు చెప్పరు. అడిగినవాడు ఈ లోయవాడు కాదని మాత్రం తెలుసుకుంటారు.

నేను పుట్టుకతో కెల్డిట్‌ని కాను. రెండు పొలాల మధ్య గోడకి ఇవతలి ఫాసెట్‌ల ఆడపిల్లని, పేరు హిల్డ. గోడకి అవతల కెల్డిట్‌ల పెద్దకొడుకు వాల్టర్‌ని చేసుకున్నాను. మా పెళ్ళికి వచ్చిన రెండిళ్ళవాళ్ళూ చాపెల్‌లో చెరో పక్కా కూర్చున్నారు. తర్వాత కేకు తినేటప్పుడూ చెరో పక్కనే నిలబడ్డారు. వాల్టర్ పోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లలు లేరు. చిన్న ఇంట్లో నేను, పెద్ద ఇంట్లో మా మరిది ఎంబ్రోస్, కొండ మీద అతని గొర్రెలు. ఇంతే మా హార్‌డేల్ లోయలో మిగిలిన కెల్డిట్‌లు. గొర్రెల్ని కూడా కలిపి చెప్పడం ఎంబ్రోస్‌కి ఇష్టం. సంఖ్య బాగుంటుందని.

ఎంబ్రోస్ పెళ్ళి చేసుకోలేదు. ఆడవాళ్ళంటే అయిష్టమేమీ లేదు గానీ, వచ్చే అమ్మాయి ఇంటిపేరు సరిగ్గా పలుకుతుందో లేదోనని ఆలోచిస్తూ ఉండిపోయాడు. అరవై దాటాక ఆ ఆలోచన కూడా మానేశాడు. ఆ తీరికంతా పేరు మీదే పెట్టాడు. వాల్టర్ అంత్యక్రియల్లో కొత్త పాస్టరు గారు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు "వాల్టర్ కెల్డర్‌త్వెయిట్" అని చదివారు. ఎంబ్రోస్ ముందు వరసలో లేచి నిలబడి, "కెల్డిట్" అన్నాడు. కూర్చున్నాడు. పాస్టరు గారు మళ్ళీ పొరపాటు పడ్డారు. ఎంబ్రోస్ మళ్ళీ లేచాడు. అన్న పోయిన దుఃఖంలో ఉన్న మనిషిని ఏమనగలం? ఆ రోజు ప్రార్థనలో చివరికొచ్చేసరికి మా ఆయన ఉత్త వాల్టర్‌గా మిగిలాడు.

పేరు తర్వాత ఎంబ్రోస్‌కి ముఖ్యమైనది జోనాస్ సంగతి. 1827లో జోనాస్ కెల్డిట్ తమ గొర్రెలు దొంగిలించాడని పక్కింటి ఎడ్మండ్ ఫాసెట్ ఫిర్యాదు చేసి, కోర్టులో సాక్ష్యం కూడా చెప్పాడు. జోనాస్‌ని ఓడెక్కించి టాస్మేనియా పంపేశారు. అతను మళ్ళీ రాలేదు. ఈ అన్యాయాన్ని ఎంబ్రోస్ నిన్న జరిగినట్టు చెప్పేవాడు. ముఖ్యంగా మా తమ్ముడు ఆస్విన్ వినేలా చెప్పేవాడు. ఫాసెట్‌ల పొలం ఇప్పుడు ఆస్విన్‌దే.

"గొర్రెలు వాటంతట అవే గోడ దూకొచ్చాయి," అనేవాడు ఎంబ్రోస్.

"మందకి మంద వరసగా దూకాయా?" అనేవాడు ఆస్విన్.

"మీ ఇంట్లో మేత అలాంటిది మరి."

ఈ మాటలు సంతలో జరిగేవి, చాపెల్ మెట్ల మీద జరిగేవి. ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర కూడా జరిగాయి. అప్పుడు ఆస్విన్ నోట్లో ఏవో పెట్టి ఉండడం వల్ల ఎంబ్రోస్ ఒక్కడే రెండు వైపులా మాట్లాడుకున్నాడు.

ఇలా ఉండగా ఒక శరత్కాలంలో యూనివర్సిటీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. డాక్టర్ లాటిమర్. మందులిచ్చే డాక్టరు కాదు, ఇంటిపేర్ల మీద చదువుకున్న డాక్టరు. అరుదైన పేర్లు ఎక్కడ పుట్టాయి, ఎటు వెళ్ళాయి, ఎక్కడ అంతరించాయి అన్నది ఆమె పని. ఎంబ్రోస్ ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మనిషి ఈమే అయి ఉంటుంది. మంచి కోటు వేసుకుని మా వంటింట్లో కూర్చున్నాడు.

ఆమె కంప్యూటర్ తెరిచి ఇంగ్లండ్ పటం చూపించింది. అంతా తెలుపు. మా లోయ దగ్గర ఒక ఎర్ర చుక్క. ఎంబ్రోస్ ఆ చుక్కని చాలాసేపు చూసి, తల ఊపాడు. ఆ తర్వాత అతని కళ్ళు తూర్పు తీరంలో ఇంకో పెద్ద చుక్క మీదికి వెళ్ళాయి.

"అదేంటి?"

"గ్రిమ్స్‌బీ అండి. చేపల రేవు. అక్కడా మీ పేరువాళ్ళు కొన్ని కుటుంబాలున్నారు. మీకంటే ఎక్కువే."

"మరకేమో. తుడిచి చూశావా అమ్మాయ్?"

"కంప్యూటర్ లోపలుంది కదండీ."

"అయితే లోపలే పడిన మరక."

ఆమె చాలా ఓపిక గల మనిషి. కెల్డ్ అంటే పాతకాలం మాటల్లో నీటి ఊట అనీ, త్వెయిట్ అంటే అడవి కొట్టి చదును చేసుకున్న పోడు అనీ, పేరు ఏదో ఒక ఊట పక్కన పోడులో పుట్టి ఉంటుందనీ చెప్పింది.

"ఆ ఊట మా దొడ్లో ఉంది," అన్నాడు ఎంబ్రోస్. "పొలం పేరు కూడా కెల్డర్‌త్వెయిట్టే. ఈ సంగతి నువ్వు చదివి తెలుసుకున్నావు. మా గొర్రెలు తాగి తెలుసుకున్నాయి."

"గ్రిమ్స్‌బీవాళ్ళు మీలోంచి వెళ్ళినవాళ్ళా, కాదా అన్నది ఉమ్మి పరీక్షతో తేలిపోతుందండీ. అక్కడ డెరిక్ అని ఒకాయన ఇప్పటికే ఇచ్చారు. టాస్మేనియాలో జోనాస్ వంశంవాళ్ళు కూడా ఇచ్చారు."

జోనాస్‌కి అక్కడ వంశం ఉందని విని ఎంబ్రోస్ ముఖం వెలిగిపోయింది. గాజు గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. కానీ ఆ హోదాలో అతనికి ఉమ్మి రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు. చివరికి నేను వెనిగర్లో ఊరేసిన ఉల్లిపాయల సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టాల్సి వచ్చింది. లోయలో మిగతా పాత కుటుంబాలవి కూడా పోల్చి చూడ్డానికి కావాలని ఆమె ఆస్విన్ దగ్గరికి వెళ్ళింది. మా తమ్ముడికి ఉల్లిపాయలు అవసరం పడలేదు. ఎంబ్రోస్ పేరు వినగానే వచ్చేసిందట.

జనవరిలో ఫలితం తెలిసింది. ఆమె ఫోన్లో చెప్పబోతే ఎంబ్రోస్ వద్దన్నాడు. అందరి ముందూ చెప్పాలన్నాడు. గ్రిమ్స్‌బీ డెరిక్‌ని తనే పిలిపించాడు. "ఫాసెట్‌ల తరఫున కూడా ఒకడు వినాలి," అని ఆస్విన్‌ని రమ్మన్నాడు. ఆస్విన్ మా వంటింట్లోకి రావడం వాల్టర్ అంత్యక్రియల తర్వాత అదే మొదలు.

డెరిక్ ద్వారబంధం పట్టనంత మనిషి. రేవులో చేపలు కోయడం వృత్తి. ముగ్గురు కూతుళ్ళు, ముగ్గురికీ పెళ్ళిళ్ళయి పేర్లు మారిపోయాయి. ఐసుగడ్డల్లో పెట్టిన హాడక్ చేపల పెట్టె ఒకటి బల్ల మీద పెట్టి, ఎంబ్రోస్ చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు.

"పెద్దాయనా, మా నాన్న ఎప్పుడూ చెప్పేవాడు, మనది కొండల్లో ఊరురా అని. ఎక్కడో తెలీదు. నేనొచ్చి చూస్తాననుకోలేదు. డెరిక్ కెల్డర్‌త్వెయిట్‌ని."

"కెల్డిట్," అన్నాడు ఎంబ్రోస్.

"ఎవరు?"

"నువ్వు. నిజంగా మావాడివే అయితే."

డాక్టర్ లాటిమర్ టీ తాగలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

"ఇందులో తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే గుర్తు ఒకటి ఉంటుందండీ," అని మొదలుపెట్టింది. "ఇంటిపేరు దిగినట్టే. డెరిక్ గారిదీ ఎంబ్రోస్ గారిదీ కలవలేదు."

ఎంబ్రోస్ కుర్చీలో వెనక్కి వాలాడు. డెరిక్ ముఖం చిన్నబోయింది. అంత పెద్ద ముఖం చిన్నబోతే చూడలేం.

"బాధపడకు బాబూ," అన్నాడు ఎంబ్రోస్ దయగా. "నీ తప్పేముంది? ఎవరో దారిన పోయేవాడు మా పేరు తగిలించుకుని ఉంటాడు. చేపలు మంచివే తెచ్చావు."

"కానీ," అంది ఆమె, "డెరిక్ గారిది టాస్మేనియా జోనాస్ వంశంతో సరిగ్గా కలిసింది. జోనాస్‌ని ఓడెక్కించినప్పుడు ఆయనకి పన్నెండేళ్ళ కొడుకున్నాడు. ఆ అబ్బాయి ఇల్లు వదిలి సముద్రం మీదికి వెళ్ళిపోయాడు. డెరిక్ గారు ఆ అబ్బాయి సంతతి."

"మరి నేనో?"

"మీ తాతగారికి తాత సైలస్ కదండీ?"

"సైలస్. జోనాస్ రెండో కొడుకు. చాపెల్ దొడ్లో సమాధి రాయి ఉంది."

"ఆ రాయి మీద పుట్టిన ఏడాది ఉంటుంది."

"ఉంది. 1830."

ఆ రాయి పక్కనుంచి ప్రతి ఆదివారం ఊరు ఊరంతా నడిచి చాపెల్‌లోకి వెళ్తుంది. జోనాస్‌ని పంపేసిన ఏడాది, ఎంబ్రోస్ పుణ్యమా అని, లోయలో పిల్లలకి కూడా కంఠస్థం. 1830లోంచి 1827 తీసివేసి చూద్దామని ఇన్నేళ్ళలో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. నేను స్కూల్లో లెక్కల్లో ఫస్టు.

"మరి సైలస్ ఎవరి కొడుకు?" అన్నాడు ఎంబ్రోస్.

ఆమె ఆస్విన్ వైపు చూసింది. "మీ గుర్తు ఆస్విన్ గారి గుర్తుతో కలిసిందండీ. ఎడ్మండ్ ఫాసెట్ గారు అనుకుంటున్నాం."

ఆస్విన్‌కి జీవితంలో అంత మంచి అవకాశం ఎప్పుడూ రాలేదు. కానీ వాడుకోలేదు. మెల్లగా, "జోనాస్ మీద ఫిర్యాదు చేసింది ఆయనే కదా," అన్నాడు. అన్నది మాకు కాదు, తనకే.

నాకు ఇంకో సంగతి తట్టింది. "అమ్మాయ్, నేను ఫాసెట్‌ల పిల్లని. మా ఆయన కూడా ఫాసెట్టే అయితే, వావివరసలు..."

"చాలా తరాలు మధ్యలో ఉన్నాయండీ. ఫరవాలేదు."

వాల్టర్ ఉంటే ఎంత నవ్వేవాడో. నాకు మాత్రం కాస్త కోపం వచ్చింది. కొత్త పేరుతో సంతకం అలవాటు చేసుకోడానికి చలికాలమంతా పట్టింది నాకు.

ఎంబ్రోస్ లేచి టోపీ పెట్టుకుని, మంచి కోటు గుండీలన్నీ ఒక్కొక్కటే పెట్టుకుని, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. డెరిక్ వెంట వెళ్ళబోతే నేను ఆపాను.

"నేను ఇల్లు అడగడానికి రాలేదమ్మా," అన్నాడు డెరిక్, ఏడుపు ముఖంతో. "ఇల్లు చూడ్డానికొచ్చాను."

"తెలుసు నాయనా. కూర్చో. ఈ చేపలు ఎట్లా కోస్తారో నాకు చూపించు."

మర్నాటికి పొలం గేటు మీది పేరు పలక లేదు. పోస్టు ఇచ్చే మనిషికి నలభై ఏళ్ళుగా తెలిసిన ఇల్లే అయినా, పలక లేదని ఒక నిమిషం ఆగి చూసి వెళ్ళాడట. ఎంబ్రోస్ ఆదివారం చాపెల్‌కి రాలేదు. పై ఆదివారమూ రాలేదు. సంతలో ఎవరో పలకరించి, కావాలనే "కెల్డర్‌త్వెయిట్ గారూ" అని సాగదీసి పిలిస్తే, సరిదిద్దకుండా వెళ్ళిపోయాడట. ఆ మాట విన్నాక నాకు భయం వేసింది. గిన్నె నిండా సూప్ పట్టుకుని పెద్ద ఇంటికి వెళ్ళాను.

పొయ్యి వెలిగించుకోకుండా కూర్చుని ఉన్నాడు. కుక్క అతని కాళ్ళ మీద పడుకుని ఉంది.

"వదినా, నేనెవర్ని?"

"ఎంబ్రోస్‌వి. సూప్ చల్లారిపోతోంది."

"గ్రిమ్స్‌బీ వాణ్ణి మరకన్నాను. మరకని నేను." చెంచా పట్టుకుని మళ్ళీ పెట్టేశాడు. "వాల్టర్ అంత్యక్రియల్లో లేచి నిలబడ్డాను వదినా. వాడి పేరు కాని పేరు కోసం. రెండుసార్లు."

నాకు ఓదార్చడం రాదు. మా ఇంట్లో ఎవరికీ రాదు. ఇప్పుడు చూస్తే వాళ్ళింట్లో వాళ్ళకీ అందుకే రాదేమో.

"ఇంతమంది మగాళ్ళ గురించి మాట్లాడుకున్నాం," అన్నాను. "జోనాస్, ఎడ్మండ్, సైలస్. సైలస్‌ని కన్నదాని పేరేంటి?"

"టబితా," అన్నాడు.

"ఆవిడ పుట్టుకతో కెల్డిట్టా?"

"కాదు."

"నాలాగే పెళ్ళితో వచ్చిన పేరు. మొగుణ్ణి తీసుకెళ్ళిపోయారు. పెద్దకొడుకు సముద్రం మీదికి పోయాడు. ఆ మనిషి ఇల్లు వదల్లేదు, పొలం వదల్లేదు. పొట్టలో పడ్డవాణ్ణి కని, ఊరందరి ముందూ చాపెల్‌కి ఎత్తుకెళ్ళి, కెల్డిట్ అని పేరు పెట్టించింది. ఫాసెట్ అని పెట్టించలేదు."

"పెట్టించలేక."

"అయుండచ్చు. లేదా ఫాసెట్ మొహం చూడబుద్ధి కాకపోయుండచ్చు. నీకెలా తెలుసు? మొత్తానికి నీకా పేరు ఇచ్చింది ఆవిడ. తన పేరు తన ఇష్టంతో ఇచ్చుకుంది. డెరిక్‌కీ మూలం ఆవిడే కదా. మీరిద్దరూ ఒక తల్లి బిడ్డల పిల్లలు."

ఎంబ్రోస్ సూప్ తాగాడు. ఉప్పు ఎక్కువైందన్నాడు. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

"ఆవిడ సమాధి ఎక్కడుంది వదినా?"

"రాయి ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు."

ఫిబ్రవరిలో మంచు పడింది. మామూలుగా పడేది కాదు, గాలితో కలిసి అడ్డంగా పడింది. తెల్లారేసరికి కొండ మీద గోడలు కనబడటం లేదు. గాలికి చాటు కోసం గొర్రెలు గోడ పక్కన చేరతాయి. మంచు మేట వేసేదీ అక్కడే. ఎంబ్రోస్ పొడుగాటి ఇనపచువ్వ, పార, కుక్కతో ఒక్కడే ఎక్కుతుండటం నా కిటికీలోంచి చూశాను. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. ఆస్విన్‌కి ఫోన్ చేశాను.

"చూస్తూనే ఉన్నా అక్కా," అన్నాడు. "బూట్లు వేసుకుంటున్నా."

నేనూ ఫ్లాస్కులో టీ పోసుకుని, కాళ్ళు దిగబడుతూ వెళ్ళాను. నేను చేరేసరికి ఇద్దరూ గోడకి చెరో వైపూ తవ్వుతున్నారు. ఆ గోడ మధ్యలో మంచు బరువుకి కూలిపోయి, ఎటు ఎవరిదో తెలియకుండా పోయింది. కుక్క వాసన పట్టిన చోట చువ్వ గుచ్చడం, మెత్తగా తగిలితే తవ్వడం. ఒక్కొక్క గొర్రే పైకొచ్చి, తుమ్మి, మమ్మల్ని తప్పుపట్టినట్టు చూసి పక్కకి నడిచేది. మా వాటికి నీలం గుర్తు, ఆస్విన్ వాటికి ఎరుపు.

మధ్యాహ్నానికి ఎంబ్రోస్ తవ్విన గుంతలోంచి వరసగా ఎర్ర గుర్తువే వచ్చాయి. కూలిన చోటునుంచి ఇటు వచ్చేసి ఉంటాయి. ఎంబ్రోస్ పార మీద ఆనుకుని వాటిని చూశాడు.

"ఇవి నీవి. తోలుకుపో. మళ్ళీ మా ఇంటివాళ్ళు దొంగలంటారు."

"మీ ఇంటివాళ్ళు కాదుగా ఇప్పుడు," అన్నాడు ఆస్విన్. మంచు దులుపుకుంటూ చాలా మామూలుగా అన్నాడు. "ఆ దొంగతనం డెరిక్‌వాళ్ళది. నీది ఫిర్యాదు చేసినవాడి వంశం."

నేను ఫ్లాస్కు మూత బిగించి పట్టుకున్నాను. ఎంబ్రోస్ ఆస్విన్ కేసి చూశాడు. అతని భుజాలు కదిలాయి. ముందు దగ్గనుకున్నాను. తర్వాత గుండె అనుకున్నాను. నవ్వు. పార వదిలేసి మంచులో కూర్చుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాడు. ఆస్విన్ నవ్వలేదు, చెయ్యి ఇచ్చి లేపాడు.

"అయితే గొర్రెలు నిజంగానే దూకలేదంటావా?" అన్నాడు ఎంబ్రోస్, ముక్కు తుడుచుకుంటూ.

"నన్నడుగుతావేంటి? మీ ఎడ్మండ్‌ని అడుగు."

"మీ ఎడ్మండ్."

"మన ఎడ్మండ్," అన్నాడు ఆస్విన్. ఆ మాట ఇద్దరికీ నచ్చలేదు. మళ్ళీ తవ్వడం మొదలుపెట్టారు.

మంచు కరిగాక ఎంబ్రోస్ గేటుకి పలక బిగించాడు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని పట్నంలో రాళ్ళు చెక్కే అతని దగ్గరికి వెళ్ళాడు. టబితాకి రాయి పెట్టించాలని.

"ఇంటిపేరు?" అన్నాడు అతను.

దానికి జవాబు దొరకడానికి నెల పట్టింది. ఆవిడ పుట్టింటి పేరు ఎవరికీ తెలియదు. ఫోన్లో డెరిక్, ఏదైనా సరే, ముందు రాయి పడనివ్వండి అన్నాడు. ఆస్విన్, న్యాయంగా చూస్తే ఫాసెట్ అని కూడా ఎక్కడో ఉండాలన్నాడు. ఎంబ్రోస్ అతనితో వారం రోజులు మాట్లాడలేదు. చివరికి ఎంబ్రోసే ఒక మాట అన్నాడు. ఆవిడని ఎవరి పేరుకీ కట్టద్దు, ఆవిడ ఉన్న చోటు పేరు చెప్దాం అని. "కెల్డర్‌త్వెయిట్‌లో బతికిన టబితా" అని చెక్కించాం. అది ఇంటిపేరా, పొలం పేరా అని పాస్టరు గారు అడిగారు. చదివేవాళ్ళ ఇష్టం అన్నాడు ఎంబ్రోస్.

ఏప్రిల్లో రాయి నిలబెట్టినప్పుడు డెరిక్ ముగ్గురు కూతుళ్ళతో, అల్లుళ్ళతో వచ్చాడు. మరుసటి రోజు మా వంటింట్లో చేపలు వేయించాడు. పిండిలో బీరు కలుపుతున్నాడని మద్యం ముట్టని మెథడిస్టు ఎంబ్రోస్ అడ్డుపడ్డాడు. బీరు పోయకుండానే వేయించారు. బీరు పోసి ఉంటే బాగుండేదని తిన్నాక అందరూ అన్నారు, ఎంబ్రోస్ తప్ప. అతను రెండో ముక్క వేసుకున్నాడు.

భోజనాలయ్యాక మగాళ్ళు కూలిన గోడ కట్టడానికి వెళ్ళారు. సాయంత్రం టీకి పిలవడానికి నేను వెళ్ళేసరికి గోడ మోకాలెత్తు లేచింది. ఆస్విన్ ఒక చోట నిలబడి పునాది ఇక్కడంటున్నాడు. ఎంబ్రోస్ ఒక అడుగు అటు నిలబడి ఇక్కడంటున్నాడు. డెరిక్ మధ్యలో నిలబడి ఉన్నాడు, పెద్ద రాయి ఒకటి పొట్టకి ఆనించి పట్టుకుని, ఎటు పెట్టమంటారో చెప్పమని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ.

"కింద పెట్టేయ్ నాయనా," అన్నాను. "నడుం పట్టేస్తుంది."